ఎస్‌టీఎం-1లో ఈ1లు ఎన్ని పడతాయి? పాత లైన్లు, ఆప్టికల్ లైన్ల మధ్య వేగం లెక్క, ఎంపిక

ఈ1 అంటే యూరప్ పద్ధతిలోని పాత టెలిఫోన్ లైను, వేగం 2.048 ఎంబీపీఎస్. ఎస్‌టీఎం-1 అంటే 155.52 ఎంబీపీఎస్ ఆప్టికల్ లైను. క్యాలిక్యులేటర్ తీసి 155.52ను 2.048తో భాగిస్తే 75.9 వస్తుంది. అంటే ఒక ఎస్‌టీఎం-1లో 75 ఈ1లు పట్టాలి. నిజంగా పట్టేవి 63. అమెరికా పద్ధతి లైన్లలో, 44.736 ఎంబీపీఎస్ డీఎస్3లో 1.544 ఎంబీపీఎస్ టీ1లు ఎన్నని అడిగితే అదే క్యాలిక్యులేటర్ 28.97 అంటుంది. అసలు సంఖ్య 28. ఇంటర్నెట్‌లో దొరికే యూనిట్ కన్వర్టర్లన్నీ చేసేది ఈ భాగహారమే. వాటి గణితంలో తప్పేమీ లేదు, కానీ ఆ సంఖ్య పట్టుకుని పరికరాలు ఆర్డర్ చేస్తే పోర్టులు చాలవు.

బస్సు పొడవును సీటు పొడవుతో భాగించి ఎంతమంది కూర్చుంటారో చెప్పలేం కదా, తలుపుకీ డ్రైవరుకీ నడవడానికీ చోటు పోతుంది. ఇక్కడా అంతే. అందుకే మార్పిడి మొదలుపెట్టే ముందు మనం అడుగుతున్నది ఏ రేటు అన్నది తేల్చుకోవాలి. రేట్లు మూడు రకాలు.

మొదటిది లైన్ రేటు. ఫైబర్ మీదో రాగి తీగ మీదో సెకనుకు పారే మొత్తం బిట్లు. ఆప్టికల్ మాడ్యూల్ కొనేటప్పుడు, టెస్టర్ సెట్ చేసేటప్పుడు ఇది కావాలి. రెండోది పేలోడ్ రేటు. ఫ్రేమింగ్, పర్యవేక్షణ బైట్లు పోగా మన డేటాకు మిగిలేది. రౌటర్ల మధ్య లింకు తీసుకునేవారు చూడాల్సింది దీన్నే. మూడోది ఛానళ్ల సంఖ్య, అంటే పెద్ద పైపులో ఎన్ని చిన్న సర్క్యూట్లను విడివిడిగా నడపగలమన్నది. పాత వాయిస్ ఎక్స్ఛేంజీలు, మొబైల్ టవర్ల 2జీ లింకులు, సిగ్నలింగ్ లైన్లు ఉన్నవారికి ఇది ముఖ్యం. కన్వర్టర్ సైట్లు మొదటిది చూపిస్తాయి, మనకు కావాల్సింది తరచుగా మూడోది. గొడవంతా అక్కడే.

పాత కుటుంబాలు: టీ, ఈ

అన్నిటికీ మూలం 64 కేబీపీఎస్. గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 8 బిట్లలో రాస్తే వచ్చేది అదే. బెల్ సిస్టమ్ 1962లో వాడకంలోకి తెచ్చిన టీ1లో ఇలాంటి ఛానళ్లు 24. ఒక్కో ఫ్రేముకు 192 బిట్లు, దానికి ఫ్రేమింగ్ కోసం ఒక్క బిట్టు కలిపితే 193. సెకనుకు 8000 ఫ్రేములు కాబట్టి 1.544 ఎంబీపీఎస్. ఈ1 వేరే దారి పట్టింది. 32 టైమ్‌స్లాట్లు, మొత్తం 2.048 ఎంబీపీఎస్. అందులో సున్నా స్లాట్ ఫ్రేమింగుకి పోతుంది. వాయిస్ నడిపితే సాధారణంగా 16వ స్లాట్ సిగ్నలింగుకి పోయి 30 కాల్స్ మిగులుతాయి.

పై మెట్లకు వెళ్లేసరికి గుణకారం పనిచేయడం మానేస్తుంది. నాలుగు టీ1లు కలిస్తే 6.176 రావాలి, కానీ టీ2 రేటు 6.312. ఏడు టీ2లు 44.184, కానీ డీఎస్3 44.736. ఈ1 కుటుంబంలోనూ ఇదే కథ: నాలుగు ఈ1లు 8.192, ఈ2 మాత్రం 8.448. ఆపైన ఈ3 34.368, ఈ4 139.264. ఈ అదనం ఎందుకంటే, కలుస్తున్న నాలుగు లైన్ల గడియారాలు అచ్చంగా ఒకే వేగంతో నడవవు. నెమ్మదిగా వచ్చేదానికి మధ్యలో ఉత్తుత్తి బిట్లు కూరి అన్నిటినీ సమం చేయాలి. ఆ కూరే బిట్లకు చోటు, వాటిని గుర్తుపట్టే సంకేతాలకు చోటు ప్రతి మెట్టులోనూ వదిలారు. కాబట్టి పాత కుటుంబంలో రేటును నమ్మకండి, లెక్క గుర్తుపెట్టుకోండి: డీఎస్3లో 28 టీ1లు అంటే 672 ఛానళ్లు, ఈ3లో 16 ఈ1లు అంటే 480, ఈ4లో 64 ఈ1లు అంటే 1920.

జపాన్ మొదటి రెండు మెట్లూ అమెరికావే తీసుకుని, మూడో మెట్టు 32.064, నాలుగోది 97.728 అని తనదైన దారిలో వెళ్లింది. ఆ లైన్లు తగిలినప్పుడు ఈ లెక్కలు వాడకూడదని గుర్తుంటే చాలు.

ఆప్టికల్ కుటుంబం: గుణకారం ఇక్కడ సరిగ్గా పనిచేస్తుంది

ఫైబర్ లైన్లకు అమెరికా ప్రమాణం సోనెట్, అంతర్జాతీయ ప్రమాణం ఎస్‌డీహెచ్. సోనెట్ మెట్లను ఓసీ అనీ, ఎస్‌డీహెచ్ మెట్లను ఎస్‌టీఎం అనీ అంటారు. ఈ రెండిట్లో అంతా ఒకే గడియారం మీద నడుస్తుంది. అందువల్ల ఓసీ-1 నుంచి ఓసీ-3కి అచ్చంగా మూడు రెట్లు, ఆపైన ప్రతి మెట్టూ కింది మెట్టుకు నాలుగు రెట్లు, దశాంశం కూడా తేడా రాదు. ఓసీ-1 51.84, ఓసీ-3 155.52, ఓసీ-12 622.08, ఓసీ-48 2488.32, ఓసీ-192 9953.28, ఓసీ-768 39813.12 ఎంబీపీఎస్. ఎస్‌డీహెచ్ వారు లెక్కను 155.52 దగ్గర మొదలుపెట్టి దాన్ని ఎస్‌టీఎం-1 అన్నారు. ఓసీ నంబరును మూడుతో భాగిస్తే ఎస్‌టీఎం నంబరు వచ్చేస్తుంది: ఓసీ-48 అంటే ఎస్‌టీఎం-16, ఓసీ-192 అంటే ఎస్‌టీఎం-64.

రేటు ఒకటే అయినంత మాత్రాన ఓసీ-3 పోర్టునూ ఎస్‌టీఎం-1 పోర్టునూ కళ్లు మూసుకుని కలపకూడదు. ఓసీ-3 లోపల మామూలుగా మూడు వేర్వేరు 51.84 డబ్బాలు ఉంటాయి. యూరప్ పద్ధతి ఎస్‌టీఎం-1లో ఒకే పెద్ద డబ్బా ఉంటుంది. సోనెట్ వైపు దానికి జోడీ ఓసీ-3సీ, చివర ఉన్న ఆ 'సీ' అక్షరమే అసలు సంగతి. ఇది చూసుకోకుండా కలిపితే లేజర్ కలుస్తుంది, లైట్ పచ్చగా వెలుగుతుంది, డేటా మాత్రం రాదు. చాలా కార్డుల్లో మోడ్ మార్చే సెట్టింగ్ ఉంటుంది. ఆర్డర్ పెట్టేముందు ఉందో లేదో అడగాలి.

ఎస్‌టీఎం-1 ఫ్రేమును 9 వరుసలు, 270 నిలువు గడులుగా ఊహించుకోండి. ఒక్కో గడి ఒక బైటు, సెకనుకు 8000 ఫ్రేములు. మొదటి 9 నిలువులు నిర్వహణకు, తర్వాత ఒకటి పాత్ ఓవర్‌హెడ్‌కు (డబ్బా చివరి నుంచి చివరికి సరిగ్గా చేరిందో చూసే బైట్లకు) పోతాయి. మిగిలిన 260 నిలువులు 149.76 ఎంబీపీఎస్. రౌటర్ నుంచి రౌటర్‌కు ఒకే ప్రవాహంగా డేటా పంపితే మీకు దక్కేది ఇది, లైన్ రేటులో 96.3 శాతం.

చిన్న సర్క్యూట్లు నింపితే లెక్క వేరు. ఒక్కో ఈ1కు 4 నిలువుల గడి ఇస్తారు, అది 2.304 ఎంబీపీఎస్. టీ1కు 3 నిలువులు, 1.728. మూడు ఈ1లు గానీ నాలుగు టీ1లు గానీ 12 నిలువుల గుంపు అవుతాయి. అలాంటి గుంపులు ఏడు కలిస్తే ఒక కట్ట, అలాంటి కట్టలు మూడు. కాబట్టి ఈ1లు 3×7×3, టీ1లు 4×7×3.

| ఎస్‌టీఎం-1లో నింపేది | భాగహారం చెప్పేది | నిజంగా పట్టేది | లైన్ రేటులో వాడకం |
|---|---|---|---|
| ఈ1 | 75.9 | 63 | 83 శాతం |
| టీ1 | 100.7 | 84 | 83 శాతం |
| ఈ3 | 4.5 | 3 | 66 శాతం |
| డీఎస్3 | 3.5 | 3 | 86 శాతం |
| ఈ4 | 1.1 | 1 | 90 శాతం |

పై మెట్లకు నాలుగుతో గుణించుకుంటూ పోవచ్చు: ఎస్‌టీఎం-4లో 252 ఈ1లు, ఎస్‌టీఎం-16లో 1008, ఎస్‌టీఎం-64లో 4032.

పట్టికలో కళ్లలో గుచ్చుకునేది ఈ3 వరుస. మూడో వంతు వృథా. ఆ గడి కొలత డీఎస్3కి సరిపడేలా ఉంటుంది, అందులో 34.368ది కూర్చోబెడితే చుట్టూ ఖాళీ మిగులుతుంది. ఈ3లు నాలుగు ఉన్నాయనుకోండి. విడివిడిగా పెడితే రెండో ఎస్‌టీఎం-1 కావాలి. ముందు వాటిని పాత మక్స్‌తో (చిన్న లైన్లను పెద్ద లైనుగా కలిపే పరికరంతో) ఒక ఈ4గా కలిపి పంపితే ఒక్క ఎస్‌టీఎం-1 చాలు. ఈ1ల విషయంలోనూ ఈ4 దారిలో 64 పడతాయి, నేరుగా పెడితే 63.

ఒకటి ఎక్కువొస్తోంది కదా అని ఈ4 దారి పట్టమని నేను చెప్పను. ఈ4 లోపల ఉన్న ఒక్క ఈ1ను దారిలో ఎక్కడైనా దింపాలంటే మొత్తం మూటను మెట్టు మెట్టుగా విప్పి మళ్లీ కట్టాలి. నేరుగా పెట్టిన ఈ1 ఎక్కడుందో ఎస్‌డీహెచ్ పరికరానికి తెలుసు, తీసి పక్కన పెడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో నాలుగు క్లిక్కుల పని. ఆ ఒక్క ఈ1 కోసం ఇంత సౌకర్యం వదులుకోవడం తెలివి కాదు. మధ్యలో ఎక్కడా దిగేది లేక, రెండు చివరలా పాత మక్స్‌లు ఇప్పటికే ఉంటే మాత్రం ఈ4 సరే.

టీ1 నుంచి ఈ1కు మారేటప్పుడు

ఇక్కడ రేట్లు పక్కన పెట్టి ఛానళ్లు లెక్కేయండి. ఐదు టీ1లంటే 120 ఛానళ్లు, నాలుగు ఈ1లన్నా 120. ఈ జత చక్కగా కుదురుతుంది. నాలుగు టీ1లకు 96 ఛానళ్లు, వాటిని మూడు ఈ1లలో సర్దలేం, ఆరు మిగిలిపోతాయి.

వాయిస్ అయితే ఇంకో మెలిక. టీ1 వైపు శబ్దాన్ని మ్యూ-లాతో, ఈ1 వైపు ఏ-లాతో కుదిస్తారు. మార్చకుండా కలిపితే మాట గరగరలాడుతుంది. వాయిస్ కుదింపు ప్రమాణమైన జీ.711 ప్రకారం ఈ మార్పిడి బాధ్యత మ్యూ-లా వాడే దేశానిది. డేటా ఛానళ్ల మీద ఈ మార్పిడి పొరపాటున కూడా ఆన్ చేయకూడదు, బిట్లు మారిపోతాయి. పాత టీ1 లైన్లలో సిగ్నలింగ్ కోసం వాయిస్ బిట్లను అప్పుడప్పుడు లాక్కునే పద్ధతి ఉంటే, డేటాకు ఛానల్‌కు 64 కాదు, 56 కేబీపీఎస్‌నే నమ్ముకోవాలి. అప్పుడు 24 ఛానళ్లు కలిపినా 1.344 ఎంబీపీఎస్.

ఫైలు ఎంతసేపట్లో వెళ్తుంది?

టెలికాంలో కిలో అంటే 1000, మెగా అంటే పది లక్షలు, 1024 ప్రసక్తే లేదు. కంప్యూటర్లు ఫైలు సైజును చాలాసార్లు 1024లలో చూపిస్తాయి. ఒక గిగాబైటు దగ్గరకొచ్చేసరికి ఈ తేడా 7.4 శాతం అవుతుంది. దాని మీద బిట్లు, బైట్ల మధ్య ఎనిమిది రెట్లు. సర్వీసు ఇచ్చేవాళ్లతో జరిగే వాదనల్లో సగం ఈ రెండింటి దగ్గరే తెగిపోతాయి.

వంద కోట్ల బైట్ల ఫైలు తీసుకుందాం, అంటే 800 కోట్ల బిట్లు. టీ1లో వాడుకోగలిగేది 1.536 ఎంబీపీఎస్ కాబట్టి దాదాపు 87 నిమిషాలు. ఫ్రేమింగ్ ఉన్న ఈ1లో 31 స్లాట్లు, 1.984, అంటే 67 నిమిషాలు. డీఎస్3లో మూడు నిమిషాల పైచిలుకు. ఎస్‌టీఎం-1లో 53 సెకన్లు, ఎస్‌టీఎం-16లో మూడు సెకన్ల పైన. ప్యాకెట్ హెడర్లకు ఇంకో మూడు శాతం వేసుకోండి. చిన్న ప్యాకెట్లు ఎక్కువుంటే అంతకన్నా ఎక్కువే.

ఈథర్‌నెట్‌ను ఆప్టికల్ పైపులో పెట్టాలంటే

ఎంపిక నిజంగా ఆసక్తిగా ఉండేది ఇక్కడే. ఈథర్‌నెట్ పదేసి రెట్లు పెరుగుతుంది, ఎస్‌డీహెచ్ నాలుగేసి రెట్లు. రెండూ ఎక్కడా సూటిగా కలవవు.

ఒక గిగాబిట్ ఈథర్‌నెట్‌ను పంపాలి. పాత పద్ధతిలో దాన్ని పట్టే గడి ఎస్‌టీఎం-16 మొత్తం, 2396.16 ఎంబీపీఎస్. వాడకం 42 శాతం. వర్చువల్ కాంకాటినేషన్ వచ్చాక విడివిడి గడులను కట్టగట్టి వాడే వీలు కలిగింది. ఎస్‌టీఎం-1 లోపలి పెద్ద డబ్బా పేరు వీసీ-4. అలాంటి ఏడు వీసీ-4లు కడితే 1048.32 ఎంబీపీఎస్, వాడకం 95 శాతం. 100 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్‌కు 46 వీసీ-12లు (ఒక్కో ఈ1 పట్టే చిన్న డబ్బాలు) కడితే 100.096, ఇంత అచ్చంగా అతకడం అరుదు.

ఈ లెక్కతో ఎస్‌టీఎం-16లో రెండు గిగాబిట్ లింకులు పోతాయి, ఇంకా రెండు వీసీ-4లు మిగులుతాయి. వాటిలో 126 ఈ1లు నింపుకోవచ్చు. పాత సర్క్యూట్లూ కొత్త ఈథర్‌నెట్టూ కలిసి ఉన్నచోట దీన్ని మించిన ఏర్పాటు నాకు కనిపించదు. రెండు చివర్లలోనూ జీఎఫ్‌పీ (ఈథర్‌నెట్‌ను ఈ గడుల్లో సర్దే పద్ధతి), ఎల్‌కాస్ (కట్టలో గడుల సంఖ్యను మార్చే పద్ధతి) ఉన్న కార్డులే వేయాలి. ఎల్‌కాస్ ఉంటే కట్టలో ఒక గడి చెడిపోయినా లింకు మొత్తం కూలదు, వేగం మాత్రం కాస్త తగ్గుతుంది.

ఎస్‌డీహెచ్ తర్వాత వచ్చిన ఆప్టికల్ ప్రమాణం ఓటీఎన్ సంగతి వేరు, దాని మెట్లను ఓటీయూ అంటారు. ఓటీయూ1 2.666, ఓటీయూ2 10.709, ఓటీయూ3 43.018, ఓటీయూ4 111.81 జీబీపీఎస్. లైన్ రేటు పెరిగింది కదా అని పేలోడ్ కూడా అంత పెరిగిందనుకోకండి. అదనంలో చాలా భాగం తప్పులు దిద్దే ఎఫ్‌ఈసీకి పోతుంది. ఓటీయూ2 లోపల మనకు దొరికేది 9.995 జీబీపీఎస్. గిగాబిట్ లింకులైతే ఓడీయూ0 గడుల్లో (ఒక్కో గిగాబిట్ లింకుకు సరిపడే ఓటీఎన్ గడుల్లో) ఎనిమిది. విచిత్రం ఏమిటంటే, వెనకటి ఎస్‌టీఎం-64లో ఏడేసి వీసీ-4లు కట్టుకుంటూ పోతే తొమ్మిది పడతాయి. సంఖ్యలో పాతదే గెలిచింది. అయినా దూరం ఎక్కువున్న కొత్త లైనుకు నేను ఓటీఎన్‌నే ఎంచుకుంటాను. ఎఫ్‌ఈసీ వల్ల సిగ్నల్ ఇంకా దూరం నిలబడుతుంది, ఒక్కో గిగాబిట్ లింకు కోసం ఏడు గడుల హాజరు చూసుకోనక్కర్లేదు.

10 గిగాబిట్ దగ్గర జనం ఎక్కువగా బోల్తా పడతారు. '10జీ' అన్న పేరుతో మూడు వేర్వేరు రేట్లున్నాయి. మామూలు స్విచ్ పోర్టు ఇచ్చే ల్యాన్ ఫై (ఫై అంటే బిట్లను తీగ మీదికి పంపే భాగం) లైన్ రేటు 10.3125 జీబీపీఎస్, డేటా నిండు 10. ఎస్‌టీఎం-64 లైన్ రేటు 9.953. దానికి సరిపడేలా తయారైన వ్యాన్ ఫై అదే 9.953 మీద నడుస్తుంది, కానీ డేటాకు మిగిలేది సుమారు 9.29. ల్యాన్ ఫై సిగ్నల్‌ను బిట్టు బిట్టూ యథాతథంగా మామూలు ఓటీయూ2లో దూర్చాలన్నా పట్టదు, 10.3125 ఎక్కడ, 9.995 ఎక్కడ! దానికోసమే 11.096 జీబీపీఎస్‌తో ఓటీయూ2ఈ వచ్చింది. లింకు ఏడాది పొడవునా తొంభై శాతం లోపే నడుస్తుందంటే, దారిలో ఎస్‌టీఎం-64 ఇప్పటికే ఉంటే, వ్యాన్ ఫై చవకగా గట్టెక్కిస్తుంది. కస్టమర్‌కు నిండు 10 ఇస్తామని రాసిచ్చి ఉంటే ఓటీయూ2ఈ అడగండి.

ఈ1నే ప్యాకెట్లలో పంపితే

పాత సర్క్యూట్లు కొద్దిగా మిగిలి, చుట్టూ అంతా ఐపీ అయిపోయినచోట ఎస్‌డీహెచ్‌ను కేవలం వాటికోసం బతికించడం భారం. పాత సర్క్యూట్‌ను ప్యాకెట్లలో నడిపే సర్క్యూట్ ఎమ్యులేషన్ అప్పుడు పనికొస్తుంది. ఈ1 మొత్తాన్ని లోపల చూడకుండా పంపే శాటాప్ పద్ధతిలో దాన్ని 256 బైట్ల ముక్కలు చేస్తే సెకనుకు వెయ్యి ప్యాకెట్లు. ప్యాకెట్‌కు దారి చూపే ఎంపీఎల్‌ఎస్ లేబుళ్లు రెండు, ప్యాకెట్ల వరుస చూసే కంట్రోల్ వర్డ్, ఈథర్‌నెట్ హెడర్, ప్యాకెట్ల మధ్య ఖాళీ అన్నీ కలిపి ముక్కకు 50 బైట్లు అదనం. మొత్తం 2.448 ఎంబీపీఎస్, అసలు మీద ఇరవై శాతం ఎక్కువ. ఆలస్యం తగ్గించాలని ముక్కను 64 బైట్లకు దించితే 3.648 అవుతుంది. 63 ఈ1లను మొదటి పద్ధతిలో పంపితే 154.2 ఎంబీపీఎస్. ఎస్‌టీఎం-1 అంతా వాడినట్టే! బ్యాండ్‌విడ్త్ ఆదా అవుతుందని దీన్ని అమ్మేవారి మాట ఇక్కడ చెల్లదు. ఆదా అయ్యేది పరికరాల నిర్వహణలో.

ఈ1లో పది స్లాట్లే వాడుకలో ఉంటే సెసాప్ వేయండి. వాడే స్లాట్లనే పంపుతుంది కాబట్టి అదే వెయ్యి ప్యాకెట్లతో 1.04 ఎంబీపీఎస్‌తో సరిపోతుంది. ఫ్రేమింగ్ లేని ఈ1, లేదా లోపల ఏముందో తెలియని ఈ1 అయితే శాటాప్ తప్ప దారి లేదు.

రేట్లన్నీ కుదిరాక కూడా ఈ పద్ధతిని చెడగొట్టేది గడియారం. ప్యాకెట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి, అవతలి చివర మాత్రం సెకనుకు సరిగ్గా 20,48,000 బిట్లు బయటికి రావాలి. వచ్చిన ప్యాకెట్లను బట్టి గడియారం ఊహించుకునే పద్ధతి వాయిస్‌కు చాలావరకు సరిపోతుంది. ఆ ఈ1 నుంచే మొబైల్ టవర్ తన గడియారం తీసుకుంటుంటే గడియారాన్ని నెట్‌వర్క్ మీదుగా మోసుకెళ్లే సింక్ఈ గానీ, 1588 ప్రోటోకాల్ గానీ దారి పొడవునా ఉండాలి. అవి లేని నెట్‌వర్క్‌లో ఆ ఒక్క టవర్ లైను వరకూ ఎస్‌డీహెచ్‌ను ఉంచేయడమే మేలు.

ఏ దారి ఎంచుకున్నా ఆర్డర్ కాగితంలో 'ఈ1 - 63' అని రాసి వదిలేయకండి. ఫ్రేమింగ్ ఉందా లేదా, వాడే స్లాట్లెన్ని, గడియారం ఏ చివర నుంచి, ఎస్‌టీఎం-1 అయితే ఒకే డబ్బానా మూడు డబ్బాలా, 10 గిగాబిట్ అయితే ల్యానా వ్యానా రాయండి. వేగం గడిలో లైన్ రేటు పక్కనే పేలోడ్ రేటు కూడా రాయించుకోండి, బిల్లు ఏ రేటు మీద వేస్తారో కూడా అక్కడే తేలిపోతుంది.